హెల్మెట్ మీద నంబరు

నరసరావుపేటలో ఒంటరిగా ఉంటున్న లెక్చరర్ దీపశ్రీ రెండేళ్లు ఆలోచించి కార్బన్ ఫైబర్ సైకిల్ కొనుక్కుంది. గుంటూరు షాపతను ఆమె కాళ్ల పొడవు కొలిచి ఫ్రేము ఎంచాడు. సీటు ఎత్తు సరిచేసి, లైట్లు బిగించి, హెల్మెట్‌కు అంటించే స్టిక్కరు తీశాడు.

“ఏదన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి మేడం?”

దీపశ్రీ ఫోనులో పేర్లన్నీ చూసింది. అన్నయ్యతో మాట్లాడి ఆరేళ్లయింది. చివరికి పక్కింటి ఆదిలక్ష్మమ్మ నంబరు చెప్పింది.

సాయంత్రం బెరుకుగా ఆ సంగతి ఆవిడకు చెప్పింది.

“నన్నడక్కుండానే ఇచ్చావా?” అంది ఆదిలక్ష్మమ్మ. మళ్లీ తనే, “రేపు ఎటు పోతన్నావ్?” అని అడిగింది.

“రొంపిచెర్ల దాకా పిన్నీ.”

“తిరిగొచ్చినాక తలుపు కొట్టు. అందాకా ఫోను దగ్గరే పెట్టుకుంటా.”

మర్నాడు దారంతా దీపశ్రీ ఒక్కతే. అయినా రొంపిచెర్లలో ఎక్కువసేపు ఆగకుండా ఇంటివైపు తిరిగింది.