పిప్పి మీద వెల్లకిలా

పిప్పి గరగరమనేది.

చెరకు పిండేశాక మిగిలిన ఎండు పిప్పి. గానుగ పక్కన కుప్ప. దాని మీద మునిరత్నం వెల్లకిలా పడేవాడు. రెండు చేతులూ తల కింద, కాళ్ళు బార్లా, పొట్ట ఆకాశానికి. గరగర... గరగర... ఆ తర్వాత చడీచప్పుడూ ఉండేది కాదు.

చప్పుడు ఆగిందంటే నిద్రపోయినట్టు.

నిర్మలమ్మకు ఆ సంగతి ముప్పై రెండేళ్ళుగా తెలుసు. పెళ్ళయి ఐరాల వచ్చిన మొదటి ఏడు, పట్టపగలు పదిమంది నడుమ మొగుడు అట్లా పడి నిద్రపోతుంటే సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత్తర్వాత, ఆ గరగర ఆగేదాకా తనకు అన్నం సయించేది కాదు.

ఒక పెనం బెల్లం దించి ఇంకో పెనం రసం ఎక్కించే మధ్య — అంతే అతని నిద్ర. తెల్లారి నుంచి పొయ్యి ముందు నిలబడిన మనిషికి ఆ కాస్తా చాలు. లేచేసరికి వీపంతా పిప్పి అతుక్కుని ఉండేది. ఆమె కొంగుతో దులిపేది. దులుపుతూ తిట్టేది. పందికీ నీకూ ఏం తేడా అని... అబ్బో, ఎన్ని తిట్లు. ఇప్పుడు అవన్నీ వెనక్కి తీసుకుంటానంటే ఎవరు తీసుకోనిస్తారు.

ఇప్పుడు మునిరత్నం వెల్లకిలా పడుకోలేడు.

ఆరు నెలలైంది. కడుపు వెనకాల, వెన్నుకు దగ్గరగా ఒక గ్రంథి ఉంటుందట. పాంక్రియాస్ అన్నారు. దానికి క్యాన్సర్. ఆ పేరుకు ఆమె నోరు తిరగలేదు, తిప్పాలని కూడా అనిపించలేదు. కోసి తీసే దశ దాటిపోయిందన్నారు. నొప్పి పొట్టలో మొదలై వీపులోకి దిగుతుంది. పడుకుంటే ఎక్కువ. ముందుకు వంగి, దిండు కడుపుకు హత్తుకుని కూచుంటే కాస్త తక్కువ. అందుకని మంచం మీద అట్లాగే — వంగి — పగలూ రాత్రీ.

వెల్లకిలా చూసిన మనిషిని ముడుచుకుని చూడటం. ఆమె కళ్ళకు అది అలవాటు కాలేదు.

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరమ్మ నందిని ఏదీ దాచకుండా చెప్పింది.

"కరెంటు పెడతామమ్మా, అదే రేడియేషన్. రోగం పోవడానికి కాదు, నొప్పి తగ్గడానికి. ఐదు రోజులు పెడతాం. గుణం తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది. చాలామందికి తగ్గుతుంది. అందరికీ అని చెప్పలేను."

నిర్మలమ్మ ఒక్కటే అడిగింది.

"వెల్లకిలా పండుకుంటాడా తల్లీ?"

డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తింది. ఎన్నాళ్ళు ఉంటాడని అడిగేవాళ్ళే అందరూ. ఇట్లా అడిగినవాళ్ళు లేరేమో. "చూద్దాం" అంది.

చూద్దాం... ఆ ఒక్క మాటను నిర్మలమ్మ కొంగున ముడేసుకుంది.

చిక్కేమిటంటే, కరెంటు పెట్టాలంటే ముందు వెల్లకిలానే పడుకోవాలి. గట్టి బల్ల మీద. చేతులు తల పైకెత్తి. కదలకుండా. ఎంత వింత చూడండి — మనిషికి ఏది చేతకాదో అదే చేసి చూపించమంటారు.

శుక్రవారం కొలతలు. నొప్పి మందు మింగించి, అది ఎక్కేదాకా ఆగి, పడుకోబెట్టారు. తలుపు బయట ఆమెకు అతని మూలుగు వినపడింది. స్కాను తీసి, పొట్ట మీదా పక్కల మీదా ఊదారంగు గీతలు గీశారు. మిషను ఎక్కడికి గురిపెట్టాలో ఆ గీతలే చెప్తాయి. "సోమవారం దాకా చెరగనీయొద్దమ్మా, నీళ్ళు పోసినా ఆడ రుద్దొద్దు" అన్నాడు మిషను చూసే చక్రధర్. ఆమె తలూపింది. నిజంగానే తలూపింది.

బస్సులో అతను ముందు సీటుకు నుదురు ఆనించి కూచున్నాడు. పూతలపట్టు దాటాక ఒకసారి తలెత్తి కిటికీలోంచి చూశాడు. ఒకప్పుడు ఆ దారి పొడుగునా చెరకే. ఇప్పుడు మామిడి తోటలు. మళ్ళీ నుదురు ఆనించాడు.

మర్నాడు పెరటాశి నెల శనివారం.

ఆ నెల శనివారం దేవుడికి తళిగ వేయడం వాళ్ళింట్లో ఎవరూ ఎన్నడూ మానలేదు. అరిటాకులో అన్నం, పప్పు, వడలు. పిండి దీపం. ఇంటి మగవాడు నామం పెట్టుకుని గోవిందా అనాలి. తలకు పోసుకోకుండా ఆ ఆకు ముందుకు ఎవరూ రారు.

దొడ్లో బండ మీద కూచోబెట్టి ఆమె నీళ్ళు పోసింది. గీతల సంగతి గుర్తుంది. పొట్ట మీద చెయ్యి పడకుండా, వీపుకు మాత్రమే శీకాయ రుద్దింది. రుద్దుతుంటే అతను కళ్ళు మూసుకున్నాడు.

"మే... ఆడ... ఇంకొంచెం రుద్దు."

అతని నోట ఇంకొంచెం అనే మాట విని ఎన్ని నెలలైందో. అన్నానికీ చాలు, మజ్జిగకూ చాలు. అన్నిటికీ చాలు చాలు అనడమే. ఆమె చెయ్యి ఆగలేదు. వీపు నుంచి పక్కకు... పక్క నుంచి ముందుకు... నొప్పి ఏ దారిన పోతుందో ఆ దారినే చెయ్యి పోయింది. అతను ఊపిరి వదిలాడు. సుఖంగా వదిలాడు.

నురగ ఊదారంగులో కారింది.

బండ మీద నుంచి కాలువలోకి. నిర్మలమ్మ చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు తళిగ ముందు గోవిందా అని అతనొక్కడే అన్నాడు.

సోమవారం చక్రధర్ చొక్కా ఎత్తి చూసి తల పట్టుకున్నాడు. ఎవరు రుద్దారని అడిగాడు.

"నేనే నాయనా" అన్నాడు మునిరత్నం, వంగి కూచునే. "దురద పెడతావుంటే రుద్దుకున్నా. దానికేం తెలీదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంత నిదానంగా చెప్పాడు ఆ అబద్ధం... కొత్త కాపురంలో ఒకసారి ఆమె మంట ఎగదోసి ఒక పెనం పాకం మాడ్చేసింది. నేనే మాడ్చినాను నాయనా అని తండ్రి ముందు ఇట్లాగే తల వంచాడు. ఆ పూట తిట్లన్నీ అతనే తిన్నాడు.

మళ్ళీ కొలతలు. మళ్ళీ బల్ల. ఈసారి మందు ఎక్కలేదు. రెండు నిమిషాలకే మోకాళ్ళు పైకి లాక్కున్నాడు. ఇంకోసారి పడుకోబెట్టారు. ఇంకోసారీ అంతే. చక్రధర్ బయటికొచ్చి, ఇంక వారం తర్వాత చూద్దామా అని డాక్టరమ్మను అడిగాడు.

వారం.

వారమంటే వాళ్ళకు ఏడు రోజులు. నిర్మలమ్మకు ఆ వంగిన వీపు.

అద్దం ఇవతల నుంచి ఆమె లోపలికి చూసింది. అతన్ని మళ్ళీ సర్ది పడుకోబెట్టారు. చేతులు తల పైకి, ఒళ్ళు బల్ల మీద బారుగా... అదే మనిషి. కింద పిప్పి లేదు, అంతే.

"లోపలికి ఇనపడే మైకు ఉండాది కదా నాయనా" అంది చక్రధర్‌తో. "ఒక్క మాట సెప్పనీ."

గానుగ దగ్గర పాకం చూసేది అతను. పొయ్యిలోకి పిప్పి ఎగదోసేది ఆమె. రసం మరిగి, మడ్డి తేలి, ఎర్రబడి, చిక్కబడి... అప్పుడు అతను ఒక చుక్క చన్నీళ్ళలో వేసి వేళ్ళ మధ్య నలిపేవాడు. ఉండ కట్టకపోతే ఒకటే మాట. ఆగు. ఆ మాట అన్నాక మంట పెరగకూడదు, తగ్గకూడదు. తొందరపడి దించితే బెల్లం గడ్డ కట్టదు. ఆలస్యమైతే మాడుతుంది. ఆగు... ఆగు... అంటూ అతనూ ఊపిరి బిగపట్టేవాడు. ఆ తర్వాత — దించు.

చక్రధర్ మైకు నొక్కి ఆమె ముందుకు జరిపాడు.

"ఆగు మామా."

లోపల మోకాళ్ళు లేవబోయి, ఆగాయి.

"పాకం రాలా ఇంకా... మంట నేను సూసుకుంటాలే... ఆగు... ఆగు..."

బల్ల మెల్లగా మిషనులోకి జరిగింది. అతని దవడ బిగుసుకుంది. తల పైనున్న చేతిలో బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. ఉండ కట్టిందో లేదో చూస్తున్నాడు. ఆమెకు తెలుసు.

పదకొండు నిమిషాలు. చక్రధర్ చెయ్యెత్తాడు.

"దించు" అందామె. అని, అక్కడే కూలబడి ఏడ్చింది.

మర్నాటి నుంచి ఐదు రోజులు కరెంటు. ఐదు రోజులూ చక్రధర్ తనంతట తనే మైకు ఆమె చేతికిచ్చాడు.

మొదటి వారం నొప్పి ఎక్కువైంది. కొందరికి అట్లా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా నిర్మలమ్మ కళ్ళ ముందు ఊదా నురగే కారేది. రెండో వారమూ అంతే. మూడో వారం ఒక మధ్యాహ్నం మజ్జిగ తీసుకుని వచ్చేసరికి, అతని వీపు గోడకు ఆని ఉంది.

దిండు పక్కన పడి ఉంది.

పైకి అంటే ఎక్కడ దిష్టి తగులుతుందోనని ఆమెకు భయం. గ్లాసు అక్కడ పెట్టి, వంటింట్లోకి పోయి, ఊరికే నిలబడింది.

కార్తీకంలో గానుగలు మొదలయ్యాయి. వాళ్ళ గానుగ మూతపడి తొమ్మిదేళ్ళు. పెనం దొడ్డి గోడకు చేరగిలబడి తుప్పు పట్టింది. పక్క చేని హరినాథ్ ఒక్కడు ఇంకా ఆడిస్తున్నాడు. "మొదటి పెనం నువ్వొచ్చి సూసిపో పెదనాయనా" అని వచ్చి పిలిచాడు.

సగం దూరంలోనే వాసన తగిలింది. మరిగే రసం వాసన. మునిరత్నం ఆగి, ఊపిరి పీల్చి, మళ్ళీ నడిచాడు. పెనం దగ్గర నిలబడి చుక్క వేశాడు. నలిపాడు. ఆగు అన్నాడు. గొంతు సన్నబడింది గానీ మాట అదే. ఎగదోసేవాళ్ళు ఆగారు. పెనం చుట్టూ ఎవరూ కదల్లేదు.

"దించు."

ఆ తర్వాత అతను పిప్పి కుప్ప వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"మే... పండుకుందునా?"

ఆమె తువ్వాలు పరచబోయింది. వద్దని పక్కకు నెట్టాడు. చొక్కా విప్పాడు. పక్కటెముకలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. మోచేతులు ఆనించాడు. నడుము ఆనించాడు. వీపు... మెల్లగా... చేతులు తల కింద.

గరగర...

హరినాథ్ ఏదో అనబోయాడు. నిర్మలమ్మ చెయ్యి అడ్డం చూపించింది.

ఇంకెన్ని పెనాలు మిగిలాయో డాక్టరమ్మ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఇది ఒక్కటి చాలు... ఈ చప్పుడు ఒక్కసారి ఆగితే చాలు. వీపు దులపడానికి కొంగు చేతిలో పట్టుకుని నిలబడింది.

గరగర... గరగర...

"ఆగు" అంది, పెదాలతోనే. అతనితో అన్నదో, ఆ పైవాడితో అన్నదో.

పిప్పి గరగరమంది. మళ్ళీ... చిన్నగా...

ఆమె చెవి ఒగ్గి నిలబడింది.