దానమ్మ ముఖం

“ఇదెవురు పాపా?” అంది రత్నమ్మ టీచరు.

ప్రొద్దుటూరులో మా అన్న హఫీజ్ అల్యూమినియం రేకుల మీద ఫోటోలు అచ్చువేస్తాడు. పాత ఫోటోలను కంప్యూటర్లో శుభ్రం చేసేది నేను. జమ్మలమడుగులో ఒక చర్చివాళ్ళు కొత్త హాలు గోడలకు పన్నెండు పాత ఫోటోలు కావాలన్నారు. సాయంత్రం నాలుగుకు ప్రారంభం. పదకొండు రేకులు నిన్ననే వెళ్ళిపోయాయి. వాకిట్లో పెట్టాల్సిన పన్నెండోది మా బల్ల మీద తళతళలాడుతోంది.

ఎనభై ఏళ్ళ కిందటి ఫోటో. తెల్లచీర కట్టుకున్న నర్సు ఒక్కతే నిలబడి ఉంటుంది. పేరు దానమ్మ. రత్నమ్మ టీచరుకు జేజి, అంటే నాయనమ్మ. ఫోటో ఇచ్చింది టీచరే. దాన్ని తిరిగి తీసుకొని, అట్నుంచి అటే జమ్మలమడుగు పోదామని పొద్దున్నే పులివెందుల నుంచి బస్సుకు వచ్చింది.

“మీ జేజే గదా టీచరమ్మా,” అన్నాను.

“మా జేజి కాదు.”

నాకు చుర్రుమంది. రెండు రోజులు నడుము పడిపోయేట్టు కూర్చొని, బూజు తిన్న ఆ ముఖాన్ని చుక్క చుక్కగా కడిగాను. పెళ్ళి ఫోటోల్లో మచ్చలు తీయించుకోవాలంటే సగం ఊరు నా దగ్గరికే వస్తుంది. నా పనికి ఇంతవరకూ వంక పెట్టినవాళ్ళు లేరు.

“బూజే గదా తుడిచింది, అంతే,” అన్నాను పెడసరంగా.

ఆమె రేకు మీదికి వంగింది. “ముక్కు పక్కన పెద్ద గుంట యాడ పోయింది? ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగినట్టుండల్ల. అవి బూజు గాదమ్మీ. మశూచి మచ్చలు.”



టీచరు స్టూలు మీద కూలబడింది. “ఏడేండ్లప్పుడు జేజికి మశూచి వచ్చింది. బతికింది. ఒకసారి వచ్చినోళ్ళకు మళ్ళా రాదని, ఊర్లల్లో రోగం లేచినప్పుడల్లా ఆమెనే పంపేవాళ్ళు. తల్లులే ముట్టను బయపడిన బిడ్డల్ని ఈమె ఎత్తుకొనింది. అయినా ఆ మొగం జూసి జనం నవ్వుతారని, గడప దాటితే కొంగు కప్పుకొనేది. కప్పుకోకుండా నిలబడింది ఈ ఒక్క ఫోటోలోనే. నువ్వు మళ్ళా కప్పితివి గదమ్మా.”

నాకు తలెత్తాలంటే సిగ్గేసింది. “ఇంకోటి అచ్చేద్దాం భాయ్,” అన్నాను.

“ఖాళీది ఉండేది ఒక్క రేకు,” అన్నాడు హఫీజ్. “కొత్తవి రావల్లంటే నాలుగు దినాలు. పైగా పన్నెండుకు కరెంటు తీస్తారంట. లైను పని. సాయంత్రం దాకా రాదు.”

గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. మా పనిలో రంగు రేకుకెక్కేది వేడికి. ఎక్కిందంటే చెరగదు, దిద్దడానికీ కుదరదు. మధ్యలో కరెంటు పోతే రేకు చెత్తకుప్పకే.

అప్పుడే చర్చి కమిటీ కార్యదర్శి జయకర్ వ్యాను తీసుకొని వచ్చాడు. సంగతి విని నవ్వాడు. “ఎంత బాగుందో చూడత్తా, సినిమా యాక్టరు మాదిరి. పెద్దపెద్దోళ్ళు వస్తాండారు. వాకిట్లోనే మచ్చల మొగం చూడల్లనా? టయిం ల్యా, ఇదే పెడతాం.” రేకు మీదికి చెయ్యి చాచాడు.

మా అన్న పని కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. బల్ల మీది కట్టరు తీసుకొని రేకు మీద ఈ చివర నుంచి ఆ చివరికి గీకేశాను.

“పిచ్చి పట్టిందా సాజియా?” హఫీజ్ అరిచాడు.

జయకర్ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఇక మిగిలింది ఒక్క రేకు. అదీ పాడైతే వాకిట్లో ఉత్త మేకే. గీకిన తర్వాత గానీ నాకు భయం తెలియలేదు.

తుడవకముందటి ఫోటో కంప్యూటర్లో ఉంది. పెద్దది చేస్తే ముఖం నిండా చుక్కలే. ఏది బూజో, ఏది మశూచో నాకేం తెలుసు? “మీరే చెప్పల్ల టీచరమ్మా.”

ఆమె కళ్ళజోడు పెట్టుకొని తెర వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. “కండ్లతో తెలీదు. చిన్నప్పుడు జేజి పక్కన పండుకొని చేత్తో లెక్కపెట్టేదాన్ని. ఇట్ల తిరుగు.”

నా ముఖాన్ని తన వైపు తిప్పుకుంది. కళ్ళు మూసుకొని నా చెంప మీద వేలు పెట్టింది. “ఈడ పెద్దది. దీని కింద రెండు, అతుక్కొని. ఈడేం ల్యా, నున్నగుండేది. గదువ మీద ఒకటి.”

ఆమె చెప్పిన చోటల్లా తెర మీద మచ్చ ఉంది. ఒక్కటి కూడా తప్పలేదు. అవి ఉంచి మిగతావి తుడిచాను. నా చెంప మీద ఆమె వేలు ఆగినప్పుడల్లా నాకు ఏడుపొచ్చింది, గడియారం చూసి ఆపుకున్నాను.

పదకొండూ యాభై ఆరుకు హఫీజ్ ఫోటో అచ్చుతీసిన కాగితాన్ని రేకుకు అతికించి వేడి ప్రెస్సు మూత దించాడు. డెబ్బై సెకన్లు. జయకర్ కూడా గడియారం వైపే చూస్తున్నాడు. నలభై దగ్గర ఫ్యాను నెమ్మదించింది. లైటు ఎర్రబడింది. “యా అల్లా,” అంది నా నోరు. లైటు మళ్ళీ తెల్లబడింది. అరవై. డెబ్బై. ప్రెస్సు కూతపెట్టింది.

అన్న కాగితం ఒలిచాడు. ముక్కు పక్కన గుంట, తెగిన కనుబొమ్మ, గడ్డం మీద మచ్చ. దానమ్మ మమ్మల్నే సూటిగా చూస్తోంది. ఆ ముఖాన్ని నేనెలా తుడిచానా అని నా మీద నాకే అసహ్యమేసింది. ఇంతలో కరెంటు పోయింది.

రేకు చల్లారాక జయకర్ గొణిగాడు. “వాకిట్లో వద్దులే అత్తా. లోపల పక్కగోడకు పెడదాం.”

“వాకిట్లోనే పెట్టల్ల జయకరూ. ల్యాకుంటే నేనింటికి పోతా, నా జేజిని తీసుకొని.”

ఆమె రేకును రెండు చేతులా ఎత్తుకుంది. హఫీజ్ చుట్టడానికి గుడ్డ తెచ్చాడు.

“కప్పొద్దు నాయనా,” అంది.

వ్యాను ముందు సీట్లో కూర్చొని, రేకును ఒళ్ళో నిలబెట్టుకుంది, ముఖం రోడ్డు వైపుకు పెట్టి. జయకర్ వ్యాను ముందు నిలబడి అద్దంలోంచి ఆ ముఖాన్ని చూశాడు. తర్వాత హాల్లో ఉన్నవాళ్ళకు ఫోన్ చేశాడు. “వాకిట్లో మేకు అట్లే ఉండనీ రూబెనూ. వస్తాండాం.”

మిట్టమధ్యాహ్నం, బజారంతా చూస్తుండగా, దానమ్మ కొంగు కప్పుకోకుండా జమ్మలమడుగుకు బయలుదేరింది.