దీదీకి బంద్

టికెట్ మెషీన్ మాయమైంది.

హాడో రేవులోని 'నీలిరెక్క బోట్లు' ఆఫీసులో లక్ష్మీకుమారి కళ్లు చిట్లించి తెర వంక మళ్లీ చూసింది. గదిలో ఉన్నది ఒకే పెద్ద సర్వర్. దాని కడుపులో, వేటికవే వేరు కంప్యూటర్లలా పనిచేసే వర్చువల్ మెషీన్లు కొన్ని ఉన్నాయి. జీతాలది కనిపిస్తోంది. సరుకులది, కెమెరాలది కూడా కనిపిస్తున్నాయి. టికెట్లు అమ్మేది మాత్రం లేదు.

రాత్రి మరమ్మతు కోసం ఆపిన ఆ మెషీన్‌ను మొదటి బోటు కదిలేలోగా ఆమే, తన ఐడీతోనే, ఆన్ చేయాలి. చేస్తే సర్వర్ గదికి ఇన్‌ఛార్జి ఆమె. చేయలేకపోతే చెన్నై కంపెనీకి అప్పగిస్తానని మేనేజర్ గోవిందరాజులు నిన్ననే తేల్చేశాడు. ఇంతకాలం గది చూసుకున్న మధుబాబు ఈ సాయంత్రమే ఓడెక్కి వైజాగ్ వెళ్లిపోతున్నాడు.

"నా తెరమీద ఉంది గదా దీదీ!" మధుబాబు తన కంప్యూటర్ ఇటు తిప్పాడు. నిజంగానే ఉంది. "నా పాస్‌వర్డ్ కొట్టేసి ఆన్ చేసెయ్. ఛోడో, సార్‌కేం తెలుస్తాది?"

"సాయంత్రానికి నీ ఐడీ మూసేస్తారు. రేపొద్దున్న ఏటి సేస్తాను? నీ ఓడెనక ఈదుకుంటా రావాలా?"

"ఈదుతావులే. రేవు అవతలి బాంబూఫ్లాట్ పిల్లవి."

ఆమె నవ్వలేదు. కౌంటర్ ముందు జనం గోల గోడ దాటి వినిపిస్తోంది. అధికారం చాలడం లేదేమో అనిపించింది. అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ల గుంపులో తానూ ఉంది. అయినా, "పైన సర్వర్ మీదే నా పేరుకి విడిగా పూర్తి హక్కులియ్యి. కిందున్న మెషీన్లన్నిటికీ పాకేలాగ," అంది.

మధుబాబు ఇచ్చాడు. ఆమె బయటికొచ్చి మళ్లీ లాగిన్ అయింది. టికెట్ మెషీన్ జాడ లేదు.

గోవిందరాజులు తలుపు తోసుకుని వచ్చాడు. "క్యా హువా కుమారీ? అక్కడ జనం నన్ను పీక్కు తింటున్నారు. మధూ, నువ్వే ఆన్ చేసెయ్. చెన్నైవాళ్లకి ఫోన్ చేస్తాను."

"ఆగండి సార్." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆన్ సేత్తే టికెట్లొస్తాయి. తప్పు మాత్రం లోపలే ఉండిపోద్ది. కాసేపు ఆగండి."

పైనుంచి ఎంత ఇచ్చినా కిందికి దిగడం లేదు. అంటే కిందనే ఏదో అడ్డం పడింది. సర్టిఫికెట్ పరీక్ష కోసం చదువుతూ, నమూనా పేపర్‌లో తప్పు రాసిన ప్రశ్న ఆమెకు చప్పున తట్టింది. పైనుంచి పాకే అనుమతికన్నా, ఒక మెషీన్ మీద నేరుగా పెట్టిన అనుమతిదే పైచేయి. పైన రాజైనా సరే, ఆ మెషీన్ మీద 'ప్రవేశం లేదు' అని పేరు పడితే అది వాడి కంటికే ఆనదు.

"మధూ, నీ తెరమీద టికెట్ మెషీన్ అనుమతులు తియ్యి."

తీశాడు. అందులో ఆమె పేరుంది. ఎదురుగా: ప్రవేశం లేదు.

"నన్నెవరు గెంటేశారు?"

మధుబాబు ముఖం పాలిపోయింది. "సార్ మొన్న జెట్టీ నుంచి ఫోన్ చేసి 'టికెట్ మెషీన్‌లో దీదీకి బంద్ కర్ దో' అన్నారు. ఈ పరీక్ష రోజు దాకా నిన్ను ఆపమన్నారనుకుని పెట్టా. ఆ సంగతే మర్చిపోయా."

"అరె పాగల్! దీదీ అంటే బేబీరాణి!" గోవిందరాజులు తల పట్టుకున్నాడు. "కౌంటర్ మానేసి వేరే బోటు కంపెనీలో చేరింది కదా! నాకంటే పెద్దది, నేను దీదీ అనేది ఆమెనే. ఈ పిల్లని దీదీ అని నేనెందుకంటాను?"

"నేను దీదీ అనేది ఈమెనే కదా సార్!"

లక్ష్మీకుమారి వాళ్ల మాట వినడం లేదు. ఆ పట్టికలోనే కింది వరుస చూస్తోంది. "బేబీరాణి ఐడీ ఇంకా బతికే ఉంది సార్. అవతల కంపెనీలో కూర్చుని మన టికెట్లు సూసుకోవచ్చు."

గోవిందరాజులు వంగి ఆ వరుస చూశాడు.

"ముందు ఆమె ఐడీ మూసెయ్ మధూ. తర్వాత నా పేరు మీది అడ్డం తీసెయ్. ఇందాక పైన ఇచ్చినవి కూడా. గుంపులో ఉన్నాను, అవి నాకు అక్కర్లేదు."

మధుబాబు వేళ్లు చకచకా కదిలాయి. ఆమె మళ్లీ లాగిన్ అయింది. టికెట్ మెషీన్ ప్రత్యక్షమైంది. మీట నొక్కింది. ఎర్ర గుర్తు పచ్చగా మారింది. కాసేపటికి గోడ అవతల ప్రింటర్ కరకరలాడింది.

గోవిందరాజులు ఫోన్ తీశాడు. "చెన్నైవాళ్లు అక్కర్లేదని చెప్పేస్తాను. ఇన్‌ఛార్జివి నువ్వే. ఇకమీదట ఎవరికేం బంద్ చెయ్యాలన్నా నీకే ఫోన్ చేస్తాను."

"ఫోనొద్దు సార్. ఐడీ రాసి మెసేజ్ పెట్టండి. రాత లేకుండా ఎవరి హక్కూ ముట్టను. మీరు సెప్పినా సరే."

మేనేజర్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె కళ్లు దించలేదు.

"సరే," అన్నాడు. అప్పటికే చెవి దగ్గర పెట్టుకున్న ఫోన్‌లో చెన్నై మోగుతోంది.