వదిలెయ్ అన్న మాట

ఇటు జరగండర్రా, ఆ ఫోను కాస్త పక్కన పెట్టి. తలుపులాయన సంగతి చెబుతాను.

ఆనకట్ట గేట్లు ఎత్తీ దించే పని ఆయనది, అందుకే ఆ పేరు. ఒక మీట నొక్కితే ఏరు ఆగుతుంది, ఇంకోటి నొక్కితే కదులుతుంది. అంతటి ఏటిని వేలితో ఆడించే మనిషికి నిలకడ మాత్రం లేదు. కుర్చీలో కూర్చోబెడితే ముళ్ళ మీద కూర్చున్నట్టే.

"ఇంటి తలుపుకి గొళ్ళెం బిగించమంటే తీరదు గానీ, ఏటికి తలుపులేస్తాడట" అని దెప్పేది పెళ్ళాం. ఆవిడ రోజూ ఎండిన ఏటికి అడ్డంపడి అవతలి ఒడ్డున అక్కగారింటికి వెళ్ళొచ్చేది.

ఒకరోజు పొద్దుటినుంచీ పైన మబ్బు. నీళ్ళు ఆనకట్ట గోడ మీదికి ఎగబాకుతున్నాయి. తలుపులాయన పైనున్న మీటల గదంతా తిరిగి తిరిగి, ఉండబట్టలేక ఇంజనీరుకి ఫోను చేశాడు.

"అయ్యా, నీళ్ళు పెరుగుతున్నాయండి. ఏం చెయ్యమంటారు?"

ఇంజనీరు మీటింగులో ఉన్నాడు. "వదిలెయ్" అని పెట్టేశాడు.

వదలమన్నారు కదా అని ఈయన సైరన్ ఊది, గేటెత్తి వదిలేశాడు. అప్పుడు కిటికీలోంచి చూస్తే, కింద ఇసకలో ఎర్రచీర. పెళ్ళామే. రోజూ పరీక్షకని ఊదే సైరనే కదా అని తల కూడా తిప్పలేదు.

ఇంతలో ఎవరో కబురందించారు కాబోలు, ఇంజనీరే మళ్ళీ ఫోను చేశాడు. "గేటెవరెత్తమన్నారయ్యా? వదిలెయ్ అంటే పట్టించుకోకు అని."

దించే మీట నొక్కాడు. ఎత్తడం చిటికెలో పని, దించడం ఓ యుగం. పైగా వెళ్ళిన నీళ్ళు పిలిస్తే వస్తాయా? మెట్లన్నీ దూకుతూ, "ఒడ్డెక్కవే" అని గొంతు చించుకున్నాడు.

సైరన్‌కి తిరగని మనిషి మొగుడి గొంతుకి తిరిగింది. "ఏమయ్యా, క్యారేజీ మరిచావా?" అంటూనే వెనకాల నీళ్ళు చూసి, దగ్గరున్న రాతిబండ ఎక్కింది. నడుం దాకా వచ్చాయి. బండని కరుచుకుని నిలబడింది. గేటు దిగాక నీళ్ళు మోకాళ్ళకి జారాయి. ఈయన దిగి, చెయ్యి పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చి, జరిగింది చెప్పాడు.

"ఏరు నీ మాట సరిగ్గానే వింది. ఇంకోళ్ళ మాట నువ్వే వినలేదు" అంది వణుకుతూ.

గోడ వెనక నీళ్ళింకా పెరుగుతున్నాయి. ఆవిణ్ణి అక్కడే కూర్చోబెట్టి మళ్ళీ పైకి పరుగెత్తాడు, తెరవమంటారా, మూసి ఉంచమంటారా, విప్పి చెప్పమని అడగడానికి.

ఇది గుర్తుంచుకుని మీ వాళ్ళకీ చెప్పండి. గబగబా చెప్పకండి. ఇంజనీరు ఏమనుకున్నాడో, ఈయనేం విన్నాడో, రెండూ విడివిడిగా చెప్పండి.