నరకంలో ఎమాట్ కూజా

ఊళ్లో బార్లీ బీరు కాచి అమ్మేది ఎమాట్ ఒక్కతే. ఆమె కొలత కూజా అడుగున మందంగా తారు పోసి ఉందని అందరికీ తెలుసు. తిట్టుకుంటూనే తాగేవారు, వేరే దిక్కు లేదు మరి. ఈ ఏడు మాత్రం ఎమాట్ గుండెల్లో రాయి పడింది. చర్చిలో బలిపీఠం ముందరి పెద్ద కమాను మీద చచ్చినవాళ్లంతా లేచి దేవుడి ముందు నిలబడే తీర్పు రోజు బొమ్మ వేయడానికి హామో అనే చిత్రకారుడు వచ్చాడు. తీర్పు రోజు అన్నాక నరకం ఉంటుంది. నరకమన్నాక కొలతలో మోసం చేసిన బీరమ్మే ఆడది ఉంటుంది. ఏ ఊరి గోడ చూసినా ఇదే వరస. ఆ ముఖం తనదైతే, తను మట్టిలో కలిశాక కూడా ఊరు ప్రతి ఆదివారం తనను చూసి నవ్వుతుంది.

పైగా హామో బస ఎమాట్ ఇంట్లోనే. అతనికీ ఆ కూజాతోనే పోసింది. అలవాటు అంత చెడ్డది.

“నరకంలో ఎవర్ని వేస్తున్నావురా?” అని ఓ సాయంత్రం అడిగేసింది.

“ఈస్టర్ పొద్దున్న బొమ్మ మీద ముసుగు తీస్తారుగా అత్తా, నువ్వే చూద్దువుగాని.”

“మరి నా ముక్కు మీద మచ్చకేసి అలా చూస్తావేం?”

“అంత మచ్చ ఎదురుగా ఉంటే ఇంకెటు చూడను? అది సరేగాని, ఆ మేకుకున్న పచ్చ గౌను ఎవరిది?”

“నా కూతురు ఇడోనీది. పోయిన చలికాలం జ్వరమొచ్చి పోయింది.” ఎమాట్ గౌను అంచు సవరించింది. “ఎర్రజుట్టు పిల్ల. ముందు పన్ను ఊడింది, కొత్తది రాకుండానే... ఎందుకురా నీకవన్నీ?”

హామో ఖాళీ కూజాలోకి తొంగిచూశాడు.

ఈస్టర్ వచ్చింది. ఉపవాసాల కాలమంతా ముసుగుల్లో ఉన్న సిలువ, మరియమ్మ, పునీతులు ఒక్కొక్కరే బయటపడ్డారు. చివర్న కమాను మీది గుడ్డ జారింది. కొవ్వొత్తుల వెలుగులో గోడ గోడంతా లేచి నిలుచున్నట్టయింది. ఇంద్రధనుస్సు మీద ప్రభువు, గాయాల చేతులు చాచి. జనం తలలెత్తి నోళ్లు తెరుచుకుని చూశారు.

ముందు తేరుకున్నది కమ్మరి థర్స్టన్. “ఒరేయ్, అదుగో మన ఎమాట్! మచ్చతో సహా దించేశాడు!”

కుడివైపు మంటల్లో, కూజాను చంకలో పెట్టుకున్న ఆడదాన్ని దయ్యం జుట్టు పట్టి ఈడుస్తోంది. చర్చంతా గొల్లున నవ్వింది. పాదిరి కూడా నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కున్నాడు. ఎమాట్ సిగ్గుతో చచ్చిపోయి, ఆ బొమ్మ చూడలేక ఎడమవైపుకు కళ్లు తిప్పుకుంది.

అక్కడ సమాధులు తెరుచుకుంటున్నాయి. ఓ మూల గోతిలోంచి ఎర్రజుట్టు పిల్ల పచ్చ గౌనుతో పైకొస్తోంది, ఊడిన పన్ను కనబడేలా నవ్వుతూ. ఒక చెయ్యి దేవదూత పట్టుకున్నాడు. రెండోది వెనక్కి చాచి ఉంది, ఎవరో అందుకోవాలన్నట్టు.

ఎమాట్ అక్కడే మోకరించింది. నవ్వులు ఆమె చెవికి ఎక్కలేదు. బిడ్డ బతికే ఉంది, అంత వెలుగులో! కానీ ఆ చాచిన చేతికీ, మంటల్లోని తన కూజాకూ మధ్య కమాను వెడల్పంతా ఉంది.

మధ్యాహ్నం థర్స్టన్ బీరుకు వచ్చేసరికి ఆమె కత్తితో తారు గీకుతూ కనిపించింది. కూజా కడిగి, పొంగి అతని బూట్ల మీద పడేదాకా పోసింది.

“ఏంటమ్మోయ్, చెయ్యి జారిందా?”

“నోరు మూసుకుని తాగరా. ఆ కమాను మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నేను చాలా దూరం నడవాలి. నా పిల్ల చెయ్యి చాచి నిలబడింది.”