బీన్స్ వాకింగ్

యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసులో మార్లిస్ పక్క కుర్చీ ప్రెస్కాట్‌ది. బోస్టన్ నుంచి అయోవాకి వచ్చి ఇంకా ఆర్నెల్లు కాలేదు. బడి మార్కులతో పాటు పిల్లలు తమ గురించి రాసుకున్న వ్యాసం కూడా చదివి, వీళ్లు ఐదుకి ఎంత వేస్తే దాన్నిబట్టి సీటు.

"మార్లిస్ గారూ, బీన్స్ ఏ జాతిదై ఉంటుందంటారు?" అన్నాడతను.

"ఏ బీన్స్?"

"ఈ పల్లెటూరి కుర్రాడి కుక్క. పన్నెండో ఏటి నుంచీ ప్రతి వేసవీ బీన్స్ వాకింగ్ చేశాడట. కుక్కని తిప్పడమేదో ఘనకార్యమైనట్టు పేజీ నిండా రాశాడు. రెండు వేశాను."

మార్లిస్‌కి నవ్వాలో తిట్టాలో తెలియక చివరికి నవ్వేసింది. "కుక్క కాదు నాయనా, సోయా చేను. తెల్లారకముందే దిగి, సాలు వెంట సాలు నడుస్తూ కలుపు నరకాలి. పొద్దున మంచుకి నడుం దాకా తడుస్తాం, మధ్యాహ్నానికి మాడిపోతాం. ఇక్కడ దాన్నే బీన్స్ వాకింగ్ అంటారు. నా నడుముని అడుగు, చెబుతుంది."

ప్రెస్కాట్ చెవులు ఎర్రబడ్డాయి. రెండు కొట్టేసి ఐదు వేశాడు.

"పోనీలే, అడిగావు. తెలియనిది అడగడమే ఈ పనిలో సగం," అంది మార్లిస్ ఇంకా నవ్వుతూనే.

"తెలియక అడగలేదండీ," అన్నాడతను మెల్లగా. "తెలుసనే అనుకున్నాను. నాకు కుక్కలంటే ఇష్టం, అందుకని అడిగాను."

మార్లిస్ నవ్వు ఆగిపోయింది. పొద్దుటి నుంచి తామిద్దరూ ఏమీ అడక్కుండా ముగించేసిన దరఖాస్తుల వైపు చూసింది.