వినపడని ఎర్ర అక్షరాలు

చూపు పోకముందు ఎల్లేశం మియాపూర్, మాదాపూర్ల మధ్య పదకొండేళ్లు క్యాబ్ నడిపాడు. నీటికాసుల జబ్బుతో కళ్లు పోయి నాలుగేళ్లవుతున్నా, ఏ మలుపు దగ్గర బస్సు ఎటు ఒరుగుతుందో అతని ఒంటికి గుర్తుంది. ఆ రోజు బస్సులో పక్కన కూర్చున్న భార్య స్వప్నకు ఎక్కడిదాకా వచ్చారో అతనే చెప్పుకుంటూ వచ్చాడు. ఆఫీసు ఉన్న ఆరో అంతస్తులో లిఫ్ట్ దిగాక మాత్రం తలుపు ఎటో, గోడ ఎటో తెలియలేదు. అన్ని వైపుల నుంచీ ఒకటే ఏసీ చప్పుడు.

స్వప్న ఆ ఆఫీసులోనే హౌస్‌కీపింగ్ చేస్తుంది. ప్రభుత్వ శాఖలకు వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీ అది. చేతికర్రలకూ, చక్రాల కుర్చీలకూ దివ్యాంగులు ఇంటి నుంచే దరఖాస్తు చేసుకునేలా ఒక కొత్త సైటు కట్టారు. ప్రారంభానికి ముందు చూపులేని మనిషి ఒకరు వాడి చూడాలన్నారు. "మా ఆయన ఫోను మాటలు వినుకుంటనే అన్నీ చేస్తడు మేడం" అని ఇంజనీరు ప్రియదర్శినికి చెప్పింది స్వప్నే.

ప్రియదర్శిని అతన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు అందించింది. పైఅధికారి రామబ్రహ్మం వెనక నిలబడ్డాడు. తెరమీద ఉన్నదాన్ని యంత్రం గొంతు ఒక్కొక్కటిగా చదువుతుంటే ఎల్లేశం పేరు, ఊరు, ఫోన్ నంబరు నింపాడు. చేతికర్ర ఎంచుకుని సబ్మిట్ నొక్కాడు.

గొంతు క్షణం ఆగింది. తర్వాత శాఖ పేరు చదివింది. ఆ వెంటనే, "హోమ్, లింక్. మా గురించి, లింక్" అంటూ మొదటికొచ్చింది.

"అయిపోయింది మేడం" అన్నాడు ఎల్లేశం.

"అవ్వలేదండీ. మళ్లీ ఒకసారి చేస్తారా?"

మళ్లీ చేశాడు. మళ్లీ అదే, హోమ్, మా గురించి. మూడోసారీ అంతే. నొక్కిందే నొక్కుతున్నాడో, వేరేదేమైనా నొక్కుతున్నాడో అతనికే అర్థం కాలేదు. ఇంట్లో కరెంటు బిల్లు కట్టేది తనే, పిల్ల స్కూలు మెసేజీలు వినేది తనే. ఇక్కడ ఏమైంది తనకు?

"తప్పు యాడ పోతుందో జర చెప్పుండ్రి మేడం."

"పైన ఎర్రగా చూపిస్తోంది కదండీ, ఆ అక్షరాలు..." అని ఆగిపోయింది ప్రియదర్శిని.

"ఎర్రగనా?" అన్నాడతను. ఆ ఎరుపు ఎక్కడుంటుందో, దాని దగ్గరికి ఎలా వెళ్లాలో అతనికి తోచలేదు. "నాకేం ఇనపడలే."

రామబ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. "చూడండి, దీన్ని పరీక్షించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. నూటికి నూరు మార్కులిచ్చింది. మీరు కంగారులో ఏదో నొక్కేసుంటారు. ఫర్వాలేదు, ఈ కాగితం మీద సంతకం పెట్టండి."

"ఏం రాసున్నది సార్?"

ప్రియదర్శిని కాగితం అందుకుని చదివింది: "ఏ ఇబ్బందీ లేకుండా దరఖాస్తు పూర్తి చేశాను."

ఎల్లేశం చేతిలో పెన్ను పెట్టారు. గీత తప్పిపోకుండా కాగితం మీద స్కేలు ఆనించారు. గాజుగోడ అవతల స్వప్న గుడ్డతో తుడుస్తున్న చప్పుడు ఆగింది. ఆమె ఇటే చూస్తోందని తెలుసు. పెట్టమంటోందా, వద్దంటోందా? ఆమె ఉద్యోగం ఇక్కడే. నూటికి నూరొచ్చిందని చదువుకున్న మనిషి చెబుతున్నాడు. మూడుసార్లు తప్పిందీ నిజమే. రెండూ నిజమైతే చేతకానివాడు తనేనా? క్యాబ్ నడిపిన రోజుల్లో దారి తప్పితే, తప్పానని కనీసం తెలిసేది.

పెన్ను బల్లమీద పెట్టేశాడు. "తప్పు నాదో, మీ డబ్బాదో నాకు సమజైతలేదు సార్. గని నేను పూర్తి చెయ్యలే. చేసినట్టు ఎట్ల రాస్త?"

ఎవరో కాగితం తిప్పిన చప్పుడైంది. ప్రియదర్శిని ఏదో రాసి, పైకి చదివింది: "మూడుసార్లు ప్రయత్నించాను. పూర్తి కాలేదు. ఎందుకు కాలేదో నాకు తెలియజేయలేదు." మళ్లీ స్కేలు ఆనించింది. ఈసారి ఎల్లేశం సంతకం పెట్టాడు.

తిరిగి వెళ్లేటప్పుడు స్వప్న అతని చేయి పట్టుకుని బస్టాపు దాకా గబగబా నడిపించింది. "కోపమొచ్చిందా?" అని అడిగాడు. "ఏమో, నాకే తెల్వదు" అందామె.

స్వప్నను ఎవరూ ఏమీ అనలేదు. ప్రారంభం మూడు వారాలు వాయిదా పడిందని ఆఫీసులో చెప్పుకున్నారు. రామబ్రహ్మం ఆమె ఎదురైనప్పుడల్లా ఏదో అనబోయి వెళ్లిపోయేవాడు. పదహారో రోజున ప్రియదర్శిని ఫోన్ చేసి, ఇంకోసారి రమ్మని అడిగింది.

ఎల్లేశం మళ్లీ అన్నీ నింపి సబ్మిట్ నొక్కాడు. గొంతు ఈసారి మొదటికి పోలేదు. "ఒక తప్పు ఉంది. మొబైల్ నంబరులో పదకొండు అంకెలున్నాయి. పది మాత్రమే ఉండాలి" అంది.

క్యాబ్ రోజుల్లో కస్టమర్లకు నంబరు ముందు సున్నా కొట్టి ఫోన్ చేసే అలవాటు. ఇక్కడా ప్రతిసారీ అదే కొట్టాడు.

"అరె, ఇది నా తప్పే మేడం!" అంటూ గట్టిగా నవ్వేశాడు. తన తప్పుకు అంత సంతోషపడ్డ మనిషిని ప్రియదర్శిని ఎప్పుడూ చూడలేదేమో, ఆమెకీ నవ్వొచ్చింది.

సున్నా తీసేసి మళ్లీ నొక్కాడు. కొత్త పేజీ తెరుచుకుంది. "బొమ్మ. బొమ్మ. బటన్. బటన్" అంది గొంతు.

"ఇదేంది మేడం? ఏం బటన్?"

ప్రియదర్శిని తెర వైపు చూసి నిట్టూర్చింది. "ఈ బటన్లకు పేర్లే పెట్టలేదండీ, ఈ పేజీని మేం ముట్టుకోలేదు. ఇలాంటివి ఇంకో నాలుగు పేజీలున్నాయి."

ఎల్లేశం హెడ్‌ఫోన్లు సర్దుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సరే. రాసుకోండ్రి, చెప్త."